మహమ్మద్ నషీద్ (జ. 17 మే 1967)

మాల్దీవుల రాజకీయ నాయకుడు, మాజీ దేశాధ్యక్షుడు, పార్లమెంటు అయిన పీపుల్స్ మజ్లిస్‌కు 2019-23 మధ్య స్పీకరు. దేశాధ్యక్షుడిగా చేసినవారు స్పీకరు కుర్చీలో కూర్చోవడం అరుదు. మౌమూన్ అబ్దుల్ గయూమ్ ముప్పయ్యేళ్ల పాలనను విమర్శించి పలుమార్లు జైలుకెళ్లిన నషీద్, 2008 దేశాధ్యక్ష ఎన్నికల్లో ఆయననే ఓడించారు. 2009 అక్టోబరులో గిరిఫుషి దీవి దగ్గర ఆయన, మంత్రులు గాలి సిలిండర్లు తగిలించుకుని సముద్రం అడుగున సమావేశమై, సైగలతో మాట్లాడుకుంటూ కర్బన ఉద్గారాలు తగ్గించాలన్న విజ్ఞప్తిపై సంతకాలు చేశారు. ఎత్తుగడే కావచ్చు, ప్రపంచం మాత్రం చూసింది. 2012 ఫిబ్రవరిలో పదవి వదిలారు. తుపాకి చూపి రాజీనామా చేయించారని ఆయన ఆరోపణ. 2015లో ఉగ్రవాద నేరం కింద 13 ఏళ్ల శిక్ష పడింది. చికిత్సకని బ్రిటన్ వెళ్లి ఆశ్రయం పొందారు.

ఆ శిక్షను సుప్రీంకోర్టు 2018లో కొట్టేసింది. 2019 ఎన్నికల్లో ఆయన పార్టీ మాల్దీవియన్ డెమొక్రాటిక్ పార్టీ (ఎండీపీ) 87 స్థానాల్లో 65 గెలిచింది, ఆయన స్పీకరయ్యారు. ఆ జూన్‌లోనే భారత ప్రధాని నరేంద్ర మోదీ మజ్లిస్‌లో ప్రసంగించారు. 2021 మే 6న మాలేలో ఇంటి దగ్గర కారెక్కబోతుండగా, పక్కన నిలిపిన మోటారు సైకిలుకు అమర్చిన బాంబు పేలింది. తీవ్రంగా గాయపడిన ఆయన జర్మనీలో చికిత్స పొందారు.

తటస్థ స్పీకరు అనిపించుకోవాలన్న తాపత్రయం ఆయనకు ఏనాడూ లేదు. సొంత పార్టీకే చెందిన అప్పటి దేశాధ్యక్షుడు ఇబ్రహీం సోలిహ్‌తో చెడి, 2023లో డెమొక్రాట్స్ పార్టీలో చేరారు. పాత సహచరులే అవిశ్వాస తీర్మానం పెట్టారు. ఆ నవంబరులో రాజీనామా చేశారు.