చిల్లుల గరిటె, ముత్యాల జల్లెడ

మా పాప రాత్రి తొమ్మిదిన్నరకి పడుకుంటుంది. నిజంగా నిద్రపోయిందని నాకు నమ్మకం కుదరడానికి ఇంకో పావుగంట పడుతుంది. అప్పుడు వంటింట్లో లైటు వేసి, బల్ల మీద ఎర్ర గుడ్డ పరిచి, పై అరలోంచి డబ్బాలు దించుతాను. కువైట్‌లోని సాల్మియాలో మాది రెండు గదుల ఫ్లాటు. నేను దండలు గుచ్చే ముత్యాలు హైదరాబాద్ పత్తర్‌గట్టీలో అక్క కొని, ఇటు వచ్చేవాళ్ళ చేత పంపుతుంది. చవగ్గా దొరికే రకం కాబట్టి పెద్దవీ చిన్నవీ కలిసే వస్తాయి. వాటిని వేరు చేయడానికి నా దగ్గరున్న పనిముట్టు, పెళ్ళి సామాన్లలో అమ్మ ఇచ్చిన చిల్లుల గరిటె. బూందీ దూసే గరిటె. ఒక్కసారి అలా ఊపితే చిన్నవి కిందికి రాలతాయి, పెద్దవి నిలుస్తాయి.

ఈ గరిటె చూసి మా ఆయన నవ్వేవారు. నిరుడు చలికాలంలో గల్ఫ్ రోడ్డు మీదున్న నేషనల్ మ్యూజియానికి వెళ్ళొచ్చాక నవ్వడం మానేశారు. అక్కడ పాతకాలపు ముత్యాల వ్యాపారి సామాన్లలో ఇత్తడి గిన్నెలున్నాయి. ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోతాయి, అన్నిటికీ అడుగున చిల్లులే. ఒక్కో గిన్నెకి చిల్లు సైజు వేరు. అరబ్బీలో ‘తాస’ అంటారట. ముత్యాల వ్యాపారిని ‘తవ్వాష్’ అనేవారు. తవ్వాష్ ముత్యాలన్నీ పెద్ద చిల్లుల గిన్నెలో పోసి ఊపితే, అందులో నిలిచినవి ‘రాస్’, అంటే తల. దాని కింద నిలిచినవి ‘బత్న్’, పొట్ట. ఇంకా కిందవి ‘ధైల్’, తోక. అన్నిటినీ మించిన నిండు ముత్యం ‘దానా’. ఇక్కడి ఆడపిల్లలకి ఆ పేరు ఇప్పటికీ పెడుతున్నారు. తవ్వాష్ కూడా ముత్యాన్ని ఎర్ర గుడ్డలోనే మూట కట్టేవాడట. నేనైతే తెల్ల గుడ్డ మీద ముత్యం కనబడక, పాప పాత గౌను చింపి పరుచుకున్నాను.

రాత్రిపూటే ఎందుకు చేస్తానో కూడా చెప్పాలి. పాపకి రెండున్నరేళ్ళప్పుడు, మధ్యాహ్నం అది బొమ్మలు చూస్తోంది కదా అని డబ్బా తెరిచాను. ఫోను మోగితే లేచి వెళ్ళి రెండు నిమిషాల్లో వచ్చాను. మిరియమంత ఎర్ర పూస దాని ముక్కులో ఉంది. ఏడవడం లేదు, గొప్ప పని చేసినట్టు వేలుపెట్టి చూపిస్తోంది. టాక్సీలో ఆసుపత్రికి వెళ్ళేదాకా నాకే ఊపిరాడలేదు. అక్కడి డాక్టరు పట్టకారు తియ్యలేదు. పాప రెండో ముక్కుపుటం వేలితో మూసి, దాని నోటికి నీ నోరు ఆనించి గట్టిగా ఊదమన్నాడు. రెండోసారి ఊదేసరికి పూస వచ్చి నా చెంపకి తగిలింది. ఆ రోజు నుంచీ పగలు పని బంద్.

అందుకే మ్యూజియంలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఇత్తడి గిన్నెలు కాదు, ‘ఫితామ్’. ముత్యాలకి మునిగేవాళ్ళు ముక్కుకి పెట్టుకునే పట్టీ. బట్టలారేసుకునే క్లిప్పంత ఉంటుంది. ఎముకతోనో తాబేటి చిప్పతోనో చేసేవారు. అది పెట్టుకుని, కాలికి రాయి కట్టిన తాడుతో మనిషి నేరుగా అడుక్కి దిగిపోయేవాడు. మెడలో ‘దయ్యీన్’ అనే తాళ్ళ సంచీ. ఉన్న ఒక్క ఊపిరిలో చేతికందిన ఆల్చిప్పలు అందులో వేసుకుని తాడు గుంజితే, పైనున్న ‘సీబ్’ లాగేవాడు. ఇలా పొద్దున్నుంచి సాయంత్రం దాకా, రోజుకి ఎన్నోసార్లు. కడుపు నిండితే ఊపిరి నిలవదని పగలంతా పస్తే. పొద్దున్న కాసిని ఖర్జూరాలూ కాఫీ, మళ్ళీ తిండి చీకటి పడ్డాకే.

పడవలు ఎండాకాలంలో బయల్దేరి, సుమారు నాలుగు నెలలు సముద్రం మీదే ఉండి, సెప్టెంబరు చివర ఒడ్డుకొచ్చేవి. తిరిగొచ్చే రోజు ‘కుఫ్ఫాల్’. పడవకి పెద్ద నఖోదా. పాటలు పాడి జనానికి హుషారు తెప్పించడానికి జీతమిచ్చి పెట్టుకున్న గాయకుడు నహ్హామ్. పడవ ఖర్చులు పోను మిగిలినదాంట్లో మునిగేవాడికి మూడు వాటాలు, తాడు లాగేవాడికి రెండు. ‘తబ్బాబ్’ అని ఒక కుర్రాడుండేవాడు, పదేళ్ళో పన్నెండేళ్ళో. నీళ్ళందించడం, చేపలు కాల్చడం, పని నేర్చుకోవడం. వాడికి వాటా లేదు. ఆల్చిప్పలు మర్నాడు పొద్దున నఖోదా కళ్ళెదుటే తెరిచేవారు. ఎన్నో చిప్పలు తెరిస్తే గానీ ఒక ముత్యం కనబడేది కాదు.

వాటాలు వినడానికి బాగానే ఉంటాయి. కానీ పడవెక్కే ముందే మునిగేవాడు ఇంటి ఖర్చుకని నఖోదా దగ్గర ‘సలఫ్’ తీసుకునేవాడు, మన భాషలో అడ్వాన్సు. సీజను బాగాలేకపోతే ఆ బాకీ పై ఏటికి, ఆ పై ఏటికి. నఖోదా తవ్వాష్‌కి బాకీ, తవ్వాష్ ఇంకా పెద్ద వర్తకుడికి బాకీ. గల్ఫ్ తీరమంతా ఇదే వరస. తండ్రి బాకీ తీరకుండా పోతే, కొడుకు ఆ పడవే ఎక్కాల్సి వచ్చేది.

ఇక ఆ ముత్యం ఎక్కడికి పోయేది? మన దగ్గరికే. మనవాళ్ళు దాన్ని బస్రా ముత్యం అన్నారు. బస్రాలో ముత్యం పుట్టదు. పుట్టిందంతా కువైట్ నుంచి బహ్రెయిన్ మీదుగా దక్షిణానికి పరుచుకున్న ముత్యపు తిప్పల్లో. తవ్వాష్‌ల చేతుల్లోంచి ఎక్కువ భాగం బొంబాయికి వెళ్ళేది. కువైట్ వర్తకులు బొంబాయిలో ఇళ్ళూ కొట్లూ పెట్టుకుని ఉండేవారు. ముత్యాన్ని తూచి, జత చేర్చి, చిన్న విల్లు లాంటి బరమాతో బెజ్జం వేసేదీ అక్కడే. అక్కడి నుంచి కొన్ని నిజాం ఖజానాకి చేరాయి. హైదరాబాద్‌ని ముత్యాల నగరం చేసింది ఈ సముద్రమే. అప్పట్లో ఇక్కడ బేరం కూడా రూపాయల్లోనే. కువైట్‌లో 1961 దాకా మన రూపాయే చెల్లింది. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసమని వేరే రంగు నోట్లు వేసింది. 1961 ఏప్రిల్‌లో దినార్ వచ్చింది.

ఆ వ్యాపారానికి పట్టపగలు 1912. ఆ ఏడు ముత్యాలు ఎంత పడ్డాయంటే, కువైట్‌లో దాన్ని ‘తఫ్హా’ సంవత్సరమంటారు, పొంగిపొర్లిన ఏడు. సాయంత్రం కావడానికి ఎంతో కాలం పట్టలేదు. జపాన్‌లో మికిమోతో కోకిచి 1893లోనే ఆల్చిప్పలో చేత్తో ముత్యాన్ని పుట్టించాడు. 1920ల్లో ఆ పెంపుడు ముత్యాలు ప్రపంచమంతా పరుచుకున్నాయి. 1929 తర్వాత వచ్చిన ఆర్థిక మాంద్యంలో ప్యారిస్‌లోనూ న్యూయార్క్‌లోనూ నగలు కొనే చేతులే ముడుచుకున్నాయి. 1938లో బుర్గాన్‌లో చమురు పడింది. 1946 జూన్ 30న మొదటి చమురు ఓడ కదిలింది. మునిగేవాడి కొడుకులకి నెల జీతం దొరికింది. ముక్కు పట్టీలు మ్యూజియానికి చేరాయి. 1986లో సాల్మియాలోని సీ స్పోర్ట్స్ క్లబ్బు వాళ్ళు కుర్రాళ్ళకి నేర్పడానికి ఆ ముత్యాల యాత్రని పండగలా మళ్ళీ మొదలుపెట్టారు. ఇవాళ నా ఎర్ర గుడ్డ మీదున్న ముత్యాల్లో ఈ సముద్రానిది ఒక్కటీ లేదు. అన్నీ చైనా మంచినీటి చెరువులవి, హైదరాబాద్‌లో బెజ్జం పడ్డవి.

ఇంతవరకూ చెప్పిన చరిత్రలో ఆడమనిషి లేదు. పడవ మీద ఎవరేమిటో చెప్పడానికి అన్ని పేర్లున్నాయి, ఒడ్డున పనికి పేరు వెతుక్కోవాలి. కువైట్‌లో మగవాళ్ళలో చాలామంది నాలుగు నెలలు సముద్రం మీదుంటే, ఊళ్ళో మిగిలింది ఆడవాళ్ళూ పిల్లలూ ముసలివాళ్ళూ. తాగేనీళ్ళు షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో రావాలి, కొనుక్కోవాలి. సలఫ్ డబ్బులు అయిపోతే? ముబారకియా బజారులో ‘సూక్ అల్ హరీమ్’ ఉంది, ఆడవాళ్ళ అంగడి. నేల మీద వరసగా కూర్చుని, కుట్టిన బట్టలూ సాంబ్రాణీ ముందేసుకుని అమ్ముకునేవారు. వాళ్ళ పక్కన చంటిపిల్లలు లేకుండా ఎలా ఉంటారు? సీజను చివరికొచ్చి పడవలు ఇంకా రాకపోతే, ఆడవాళ్ళు ఒడ్డుకెళ్ళి మండుతున్న ఖర్జూరపు మట్టని నీళ్ళలో ముంచి, సముద్రానికే వాత పెట్టినట్టు చేసి, మా మనుషుల్ని వదులు అని పాడేవారట. అది చదివినప్పుడు మా బందరు గుర్తొచ్చింది. తుఫాను రోజుల్లో గిలకలదిండి రేవులో పల్లెవాళ్ళ ఆడవాళ్ళు ఒడ్డున నిలబడి చూసే చూపు నాకు తెలుసు.

బందరు అంటే పారశీకంలో రేవు అనే అర్థం. కుతుబ్‌షాహీల కాలంలో మా రేవు నుంచి పర్షియా తీరంలోని బందర్ అబ్బాస్‌కి ఓడలు నడిచేవి. మాది బందర్లో చిలకలపూడి. అసలు బంగారం కొనలేనివాళ్ళ మెడల్లో మెరిసే రోల్డు గోల్డు మా పేట సొత్తు. అందులో ఎంత పని ఇళ్ళలో జరుగుతుందో బయటివాళ్ళకి తెలియదు. మా అమ్మమ్మ డజన్ల లెక్కన కూలికి రాళ్ళు అతికేది. కాలి బొటనవేలికి తాడు కట్టుకుని ఉయ్యాల ఊపేది, చేతులు రాళ్ళ మీద. ఉయ్యాల్లో మా అమ్మ. పూత మాత్రం ఇంట్లో పెట్టేవారు కాదు, ఆ నీళ్ళలో సైనైడు ఉంటుంది. జనాభా లెక్కలవాళ్ళు వచ్చి ఏం పని చేస్తారమ్మా అంటే, “ఏం లేదు బాబూ, ఇంట్లోనే ఉంటాను” అనేదట. అదే జవాబు ఇక్కడ నా రెసిడెన్సీ కాగితం మీదా ఉంది. నేను మా ఆయన మీద ఆధారపడిన మనిషిని, ఆర్టికల్ 22. నా పేరున కొట్టు పెట్టే వీల్లేదు. అందుకే గుచ్చేది కువైట్‌లో, అమ్మేది బందర్లో అక్క. ఊరెళ్ళేవాళ్ళ చేత కొద్దికొద్దిగా పంపుతాను. నూరేళ్ళ కిందట ముత్యం వెళ్ళిన దారే అది.

ఒంటి వరస దండకి రెండున్నర గంటలు పడుతుంది. ముత్యానికీ ముత్యానికీ మధ్య ఒక ముడి వేస్తాను. ముడి ఉంటే ఒకదాన్నొకటి రాసుకోవు, దారం తెగినా ఒకటే రాలుతుంది. ముడి పడేముందు సూది మొనతో దాన్ని ముత్యం దాకా తోసుకెళ్ళాలి. అదే సమయానికి లోపల్నుంచి “అమ్మా” అని వినబడుతుంది. అప్పుడు సూదిని ఎర్ర గుడ్డకి గుచ్చి, గిన్నె మూతపెట్టి, పాప పక్కన పడుకుని, మళ్ళీ లేచి వచ్చేసరికి ఎక్కడ ఆపానో వెతుక్కోవాలి. నెలకి పది దండలయితే గొప్ప.

మొన్న శుక్రవారం మా కింది ఫ్లాటుకి వచ్చిన ఒకావిడ తలుపు తట్టింది. రాజంపేట దగ్గర పల్లె. ఒక అరబ్బుల ఇంట్లో పని.

“అక్కా, నల్లపూసల దండ తెగిపోయినాది. రొంత గుచ్చిస్తావా? ఎంతియ్యాల?”

“ఏమీ వద్దమ్మా, కూర్చో. టీ తాగుతావా?”

గుచ్చుతుంటే చెప్పుకొచ్చింది. వచ్చేటప్పుడు ఏజెంటుకి కట్టడానికి చేసిన అప్పు ఇంకా సగం ఉందట. అది తీరితే గానీ ఇంటికి పోవడానికి లేదు. నాకు సలఫ్ గుర్తొచ్చింది గానీ ఏమనలేదు. ఆ ఇంట్లో మూడేళ్ళ పిల్లాణ్ణి చూసుకోవడం ఆవిడ పని. ఆవిడ కూతురు రాజంపేటలో అమ్మమ్మ దగ్గర. వదిలొచ్చి రెండేళ్ళు. మునిగేవాళ్ళు నాలుగు నెలలకి తిరిగొచ్చేవారు.

మా పాప చిల్లుల గరిటె తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది. దానికని వేరే పెట్టిన పెద్ద చెక్క పూసలు అందులో పోసి ఊపింది. ఒక్కటీ రాలలేదు. ఆవిడ నవ్వి, “నా బిడ్డకీ చేతికొకటి చేసీ అక్కా, దిష్టి పూసలేసి” అంది.

“మణికట్టు కొలత ఎంత?”

ఆవిడ బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టింది. దాన్ని చూసుకుని కొంచెం వదులు చేసింది. మళ్ళీ కొంచెం. “తెలీదక్కా, ఇప్పుడెంతుంటాదో.”

కొక్కెం పెట్టలేదు. దారం రెండు కొసలూ పొడుగ్గా వదిలి జారుముడి వేశాను. లాగితే బిగుస్తుంది, సడలిస్తే పెరుగుతుంది. ఆవిడ తన చేతికే పెట్టుకుని లాగి చూసింది, సడలించి చూసింది. తర్వాత తీసి, చున్నీ కొంగున మూట కట్టుకుంది.