మా పేట పేర్లు

నరసాపురములో వలందర రేవు మెట్లమీద నిలిచి చూచినచో వశిష్ఠ గోదావరి అంతర్వేది వైపునకు వెడల్పుగా, నిదానముగా సాగిపోవుచుండును; ఆవలి యొడ్డున సఖినేటిపల్లి కొబ్బరితోటలు, నడుమ జనమును బండ్లను మోసికొని తిరుగు పంటు. ఆ రేవు పేరులో వలందాలు, అనగా ఒకప్పుడిక్కడ వర్తకము చేసిన హాలెండు దేశస్థులు, నేటికిని మిగిలియున్నారు. పొరుగుననున్న మాధవాయపాలెము ఇంగ్లీషు వర్తకుల నోట మడపొల్లమై, ఇక్కడి నేతగాండ్రు నేసిన బట్టకు అదే పేరై సీమదాక పోయినది. స్థలముల పేర్లనుబట్టి చరిత్ర చెప్పువారు మా యూర పలువురు కలరు. నేను చెప్పదలచినది మా పేటలోని మనుష్యుల పేర్ల చరిత్ర. ఆ పేర్లు పెట్టుకొన్నందుకు మావారు పడిన మాటలును, పోగొట్టుకొన్న కూలిగింజలును, అయినను ఆ పేర్లను విడువని వారి పట్టుదలయు ఏ శాసనమునందును చెక్కబడలేదు గనుక, కొంత విన్నవాడను, కొంత కన్నవాడను, వ్రాసిపెట్టుట నా విధియని తోచినది.

మా తాతముత్తాతల కాలమున మాలపల్లెలోగాని మాదిగపల్లెలోగాని బిడ్డ పుట్టినప్పుడు పెట్టెడి పేర్లు హీనమైనవేమియు కావు. పోలేరమ్మ పేర పోలయ్య, పోలమ్మ. వేంకటేశ్వరుని పేర వెంకయ్య, వెంకమ్మ. పుట్టిన బిడ్డలు దక్కని యింట, ఈ ఒక్కడైన నిలువవలెనని పెంటమీద దొర్లించి తెచ్చి పెంటయ్యయని పిలుచుకొన్న ప్రేమ పేర్లు. దోషము పేరులో లేదు, పిలుపులో నుండెను. ఊరిలోనికి అడుగుపెట్టగానే పోలయ్య పోలిగాడగును. ఎనుబది యేండ్ల ముదుసలియైనను పదేండ్ల రైతుబిడ్డచేత 'ఒరే' యనిపించుకొని 'అయ్యా' యని పలుకవలెను. అట్టివారు బాప్తిస్మము పొందిననాడు క్రొత్తపేరు పొందిరి. యోహాను, యాకోబు, దానియేలు, మార్త, రాహేలు అని బైబిలులోనుండి తెచ్చుకొన్నవి కొన్ని; కృపావరము, ఆశీర్వాదము, సువార్తమ్మ, కరుణమ్మ, దీవెనమ్మ అని తెలుగులోనే పుట్టినవి కొన్ని. ఈ రెండవ తెగ పేర్లనిన నాకు మిక్కిలి యిష్టము. తమ్మునెవ్వరును మంచిమాటతో పిలువని కాలమున, భాషలోనున్న మంచిమాటలన్నియు ఏరి తమ బిడ్డలకు పెట్టుకొన్నవారి మనస్సు వానిలో కనబడును.

ఈ కథకు మొదలు 1836వ సంవత్సరము. ఎక్సెటరు పట్టణమున దంతవైద్యవృత్తిని వదలి సువార్తకై బాగ్దాదునకును, పిదప హిందూదేశమునకును వచ్చిన ఆంటొనీ నారిస్ గ్రోవ్స్ వెంట, ఆ యేట ఇంగ్లండులోని డెవను సీమనుండి ఇద్దరు యువకులు భార్యలతో ఓడనెక్కి వచ్చిరి. విలియం బౌడెను రాతిపనివాడు. జార్జి బీరు చెప్పులు కుట్టువాడు. మొదట మచిలీపట్టణము చేరి, అటనుండి నరసాపురమునకు వచ్చిరి. తరువాత బౌడెను పాలకొల్లున నిలిచెను. వారు బ్రదరను సంఘమువారగుటచే నెలనెలకు జీతము పంపు సొసైటీ వారికి లేదు. ఎవరైన పంపినది దేవుడు పంపినదిగా తీసికొనుట, లేనినాడు ఓర్చుకొనుట, అదియే వారి ఏర్పాటు. గోదావరి డెల్టా మిషను అని మావారు చెప్పుకొనునది ఇదియే. దొరయనగా గుఱ్ఱమెక్కి పన్ను అడుగువాడని యెఱిగిన పల్లెలకు, తోలు కోసి కుట్టిన చేతితో గ్రంథము పట్టుకొని వచ్చిన దొర ఎట్లు కనబడియుండునో ఊహించుకొనవచ్చును. బీరు 1853లో మరణించెను. బౌడెను 1876 దాక, అనగా నలువది యేండ్లు, ఈ నేలనంటి యుండెను. ఆ రెండు కుటుంబముల బిడ్డలును ఆ పనినే కొనసాగించిరి.

మావారిని గూర్చి లోకము పలికిన మాటలలో మిక్కిలి పాతది, నేటికిని చావనిది ఒకటి కలదు: 'కూటికి కలిసినారు' అని. కాలము మారినకొలది కూడు స్థానమున గోధుమరవ్వయు, పాలపొడియు చేరినవేగాని మాట మారలేదు. బాల్యమున ఈ మాట విని నేను తలవంచుకొని పోయెడివాడను. పెద్దవాడనై ఈ జిల్లా లెక్కలు చదివిన పిదప తలవంచుకొన్నందుకు సిగ్గుపడితిని. 1821లో నాటి రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 7,38,308. 1841 నాటికి అది 5,61,041కి దిగిపోయినది. నందననామ సంవత్సరపు కరువు, ఏటేట వరదలు, 1839 నవంబరులో కోరంగిని ముంచిన ఉప్పెన, వీని నడుమ ఇరువదియేండ్లలో లక్షా డెబ్బదేడువేలమంది తగ్గిపోయిరి. కూటికి మతము మారువారే యైనచో, జిల్లా యంతయు ఎండిన డొక్కతోనున్న ఆ కాలముననే, నరసాపురమున మిషను తలుపు తెరచియుండగా, జనము విరగబడి చేరియుండవలెను గదా! అట్లు జరుగలేదు. తొలియేండ్లలో చేరినవారు వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమందియే. 1847 మొదలు 1852 వరకు కాటను దొర ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించినపుడు, బౌడెను అక్కడ రాళ్ళెత్తు కూలీల నడుమ తిరిగి బోధించెను. ఆనకట్ట లేచి, కాలువలు పారి, లంకలును మెరకలును పచ్చబడి, ఇంటింట గాదెలు నిండిన తరువాతనే మా ప్రాంతమున సంఘములు పెరుగుట మొదలైనది. ఆకలి తీరినవాడు వెదకికొన్నది అన్నముకంటె వేరైనది.

పైగా చేరినవారు మొదట పోగొట్టుకొన్నది అన్నమునే. పల్లెవాడు పాలేరుగా ఏడాదికి కుదిరి, కళ్ళములో కొలిచియిచ్చు గింజలతో బ్రదుకువాడు. ఆదివారము పనిలోనికి రానని యన్ననాడు ఆ గింజలకు ముప్పు వచ్చినది. గ్రామదేవత జాతరలో డప్పు కొట్టననియు, చచ్చిన పశువు మాంసము తిననుగాక తిననని యన్ననాడు ఊరి కోపము రెండింతలైనది. నిజమునకు వారు మ్రొక్కు దేవుడెవడన్న చింత రైతులకంతగా లేదు; పిలిచినప్పుడు పలుకకుండుటయే వారికి సహింపరాని నేరముగా తోచినది. ఒంగోలు ప్రాంతమునను ఇట్లే, మాదిగలు మతము పుచ్చుకొనగానే కరణములును మునసబులును కూడి అంగడి సరుకు అమ్మకుండజేసిరి, పనులలోనుండి తీసివేసిరి. అక్కడనే 1876-78 మహాకరువులో బాప్తిస్టు మిషనరీయైన క్లౌ దొర బకింగుహాము కాలువపని పట్టి వేలమందికి కూలి చూపెను; కాని కరువు సాగినంతకాలము, వచ్చి వేడినవారికి సైతము బాప్తిస్మమీయ నిరాకరించెను. కూలిపని ముగిసిన పిదప, 1878 జూలై 3న ఒక్కనాడు 2,222 మంది బాప్తిస్మము పొందిరి. 'కూటికి' అను మాటను నోటికి తెచ్చుకొనువారు ఈ క్రమమునొకసారి తలచుకొనవలెనని నా ప్రార్థన.

దొరల కథ చాలును. కాకినాడలో తామసు గాబ్రియేలు అను తెలుగువాడు టెలిగ్రాఫు శాఖలో చేసెడి సర్కారు కొలువును వదలి, మన పల్లెలలో బోధించుటకు పూనుకొనెను. జీతము పోయినది, ఆదరువు లేదు, అప్పులు మీదపడినవి. సహాయము కోరి సముద్రముల కావలనున్న కెనడా బాప్తిస్టులకు మొరపెట్టుకొనగా, 1874లో మెక్లారిను దంపతులు వచ్చి కాకినాడ మిషనును చేతికి తీసికొనిరి. 1875 ఆరంభముననే గాబ్రియేలు కన్నుమూసెను. కాకినాడ, సామర్లకోట, పిఠాపురము, రామచంద్రపురములలో నేడు మనము చూచు బడులకును, ఆసుపత్రులకును అడుగున ఈ అప్పులపాలైన గుమాస్తా యున్నాడు. సుఖమైన కుర్చీనుండి తానై లేచి వచ్చినవాడగుటచే అతనిని నేను ప్రత్యేకముగా తలచుకొనుచుందును.

పై కులములనుండి చేరినవారి కష్టము మఱియొక విధము. 1852లో మచిలీపట్టణమున నోబిలు దొర పాఠశాలలో చదువు మంచాల రత్నము, ఐనాల భూషణము బాప్తిస్మము పొందగా పట్టణమంతయు అట్టుడికి, బడి ఖాళీయైనది. అట్టివారికి బంధువులు బ్రదికియుండగనే ఘటశ్రాద్ధము పెట్టుట ఆనాటి ఆచారము. మతము మారినవాని ఆస్తిహక్కును కాపాడు చట్టము 1850లో వచ్చియున్నదిగాని, తల్లి చేతిముద్దను ఏ చట్టము తిరిగి యిప్పింపగలదు?

మా తప్పును దాచిపెట్టుట చరిత్ర కాదు. ఒకే బల్లయొద్ద రొట్టె విరుచుకొనిన మావారిలోనే మాల సంఘమనియు మాదిగ సంఘమనియు వేర్వేరు గోడలు లేచినవి; పెండ్లిసంబంధములయొద్ద ఆ గోడలింకను ఎత్తైనవి. బయటివారు వెక్కిరించిన వెక్కిరింపునే మనలో మనము పంచుకొంటిమి. ఇది నాకు అన్నిటికంటె బాధ.

పేరుపై నవ్వు చదువుకొన్నవారి లోకమునందును తగ్గలేదు. 1895లో వినుకొండలో పుట్టిన గుఱ్ఱం జాషువ, యౌవనమున మా రాజమహేంద్రవరములో మూగసినిమాలకు కథ చదివి వినిపించు ఉద్యోగము చేసెను. తెర ముందు చీకటిలో నిలిచి పలికినప్పుడు ఆ గొంతు ఏ పేటదని అడిగినవాడు లేడు. సభలో పద్యము చదివి, మెప్పు పొంది, కులము చెప్పిన తోడనే మెచ్చిన ముఖములు మాడిపోయిన అవమానము ఆయనకు అనుభవమే. పురాణకథలు వ్రాసెనని క్రైస్తవులును ఆయనను దూరము పెట్టిరి. అయినను ఆయన పేరు మార్చుకొనలేదు. ఆయన క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినది.

మా పేటలో చాలమందికి ఆ నిలుకడ సాధ్యపడలేదు. తప్పు వారిది కాదు. 1950 ఆగస్టులో వెలువడిన రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము హిందువు కానివాడు షెడ్యూల్డు కులమువాడు కానేరడు. తరువాత 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ద్వారము తెరచిరి, క్రైస్తవునకు తెరవలేదు. మన రాష్ట్రమున మతము మారినవారిని వెనుకబడిన తరగతులలో 'సి' వర్గముగా చేర్చి నూటికి ఒక్క వంతు ఇచ్చిరి. అందుచేత గుడిలో దానియేలు కాగితముపై వేరొక పేరువాడైనాడు. తండ్రి బిడ్డను బడిలో చేర్చునాడు ఏ పేరు చెప్పవలెనో తెలియక గుమ్మమున నిలబడినాడు. ఊరు తక్కువగా చూచుటకు పాతకులము చాలును, సర్కారు సాయము చేయుటకు చాలదు! విశ్వాసమును దాచుకొన్నవాడు పొందిన బాధ, చాటుకొన్నవాడు పొందిన బాధకంటె తక్కువ కాదని నేను చూచినవాడను.

ఇక మా మామ్మ సంగతి. ఆమెకు బాప్తిస్మమునాడు పెట్టిన పేరు, బైబిలులో బోయజు పొలమున పరిగె యేరుకొన్న రూతుది. కోతలనాడు మా పల్లె ఆడవారందఱును రైతు వెనుక వంగి పరిగె యేరుకొన్నవారే గనుక, ఆ పేరు ఆమెకు అతికినట్లుండెను. ఊరిలోనివారు దానిని 'రోతమ్మ' అని తిప్పిరి. గుణింతములో ఒక్క గుర్తు తేడా; అర్థములో పరిగె చేతికిని పెంటకుప్పకును ఉన్నంత తేడా.

మామ్మ లేసు అల్లెడిది. ఈ విద్యను పందొమ్మిదవ శతాబ్దిలో మిషను దొరసానులు మా స్త్రీలకు నేర్పిరి. పిదప అది కాపు మున్నగు కులముల ఆడవారి చేతులలోనికి విస్తరించినది. జర్మను పండితురాలు మరియా మీస్ 1982లో ఈ పనివారలను గూర్చి గ్రంథము వ్రాసి, లోకమంతట అమ్ముడగు లేసును అల్లుచున్నను వీరిని గృహిణులనియే లెక్కగట్టుచున్నారని చూపినది. 2024లో నరసాపురము లేసునకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. చేతిపని, అతుకుపని, కాజాకట్టు అని అందులో మూడు దశలు. విడివిడిగా అల్లిన పువ్వులను కలిపి కుట్టు అతుకుపనిలో మామ్మది అందెవేసిన చేయి.

నేను అయిదవ తరగతి చదువుచున్న కాలమున, శనివారము సాయంకాలము ఏజెంటు వచ్చి కాపుల వీధిలో ఒక యింటి అరుగుమీద పొడుగుపాటి ఖాతాపుస్తకము తెరచి కూర్చుండెడివాడు. ఆడవారు పువ్వుల మూటలతో చుట్టును చేరుదురు. మావారు అరుగు క్రింద నిలుతురు. ఆ దినమున అతడు "రోతమ్మ, నాలుగు డజన్లు" అని చదువగా కొందఱు నవ్విరి. ఇంటింట బైబిలు బోధించు 'బైబిలు స్త్రీ' ఒకామె చిన్ననాడు పలకమీద గుణింతము దిద్దించినందున మామ్మకు చదువు వచ్చును. మెడ సాచి పుస్తకములోనికి చూచినది. నోటిమాటగా కాదు, సిరాతోనే అట్లు వ్రాసియున్నాడు.

"బాబుగారూ, నా పేరు అది కాదండి."

"ఏ పేరైతే ఏమే, డబ్బులు ముడుతున్నాయా లేదా?"

"డబ్బులు ముడుతున్నాయండి. పేరే ముట్టలేదు."

అతడు పుస్తకము మూసి, ఆ వారము ఆమెకు దారము ఇయ్యలేదు. పై వారమును ఇయ్యలేదు. మా యింట రెండు వారములు గంజితో గడచినవి. మామ్మ ఎవరియొద్దను ఆ మాట ఎత్తలేదు. సాయంకాలము ప్రార్థనలో మాత్రము ఆ ఏజెంటు బిడ్డల క్షేమమునకు కూడ దేవుని వేడినది. నాకప్పుడు వల్లమాలిన కోపము వచ్చినది.

మూడవ శనివారము ఆ అరుగు యింటి కాపు ఇల్లాలే కల్పించుకొని, "ఆవిడ అతికితేనే ఆ బల్లగుడ్డ సాపుగా కూర్చుంటుందండి, నా మాట విని పనివ్వండి" అన్నది. ఏజెంటు కొంతసేపు మాటాడక, ఖాతాపుస్తకమును, చెవిసందున నున్న పెన్సిలును అరుగు అంచునకు జరిపి, "నువ్వే రాసుకో" అన్నాడు.

మామ్మ చేతులు పమిటకు తుడుచుకొన్నది. పెన్సిలు ములుకును నాలుకకద్దుకొని, వ్రేలి తడితో ఓత్వమును రుద్దినది. సిరా పూర్తిగా పోక నీలిమరకయై నిలిచినది. ఆ మరక ప్రక్కన కొమ్ముదీర్ఘమును నిదానముగా క్రిందికి దింపి తిప్పినది. తరువాత క్రింది పంక్తులన్నియు ఒకసారి చూచి, మాలో మఱియొక స్త్రీ పేరునకు ముందు వంకరగా వ్రాసిన అక్షరమును కూడ దిద్ది, దారపు కండెలు లెక్కబెట్టుకొని కొంగున ముడివేసికొన్నది.