పేరు లేని టికెట్టు: పలాస మీదుగా రైలు తరగతుల చరిత్ర

వ్యాససంగ్రహం

రైలు తరగతుల చరిత్రను సాధారణంగా సౌకర్యాల చరిత్రగా చెబుతారు. పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల మీదుగా సాగే తూర్పుతీర మార్గాన్ని ఆధారంగా తీసుకొని, తరగతుల మధ్య గీత క్రమంగా ప్రయాణికుని పేరు నమోదు కావడానికీ కాకపోవడానికీ మధ్య గీతగా మారిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1. ఉపోద్ఘాతం

బడిలో మూడో తరగతి రెండో తరగతికి పైది. రైలులో అది కిందిది. ‘థర్డ్ క్లాస్’ అనే మాట తెలుగులో తిట్టుగా స్థిరపడటానికి రైలు వ్యవహారం కూడా తోడ్పడింది. భారతీయ రైళ్లలో ఆ తరగతి 1974లోనే రద్దయింది. తరగతి పోయినా మాట నిలిచింది. మాటతోపాటు మరేమి నిలిచిందన్నది ఇక్కడి ప్రశ్న.

2. మార్గం, తరగతులు

బెజవాడ నుంచి కటకం వరకు ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893–1896 మధ్య దశలవారీగా ప్రారంభమైంది. వాల్తేరుకు ఉత్తరంగా ఉన్న భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే అధీనంలోకి వెళ్లింది. అప్పటికి ఉద్దానం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో భాగం. టెక్కలికి సమీపంలోని నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలపై సంస్థానంవారి చిన్నరైలు నడిచింది; 1931లో అది గుణుపురం చేరింది.

ఆనాటి రైళ్లలో మొదటి, రెండవ, ఇంటరు, మూడవ తరగతులు ఉండేవి. 1890 నాటి రైల్వే చట్టం ప్రకారం ఒక్కొక్క పెట్టెలో ఎందరు ఎక్కవచ్చునో ఆ సంఖ్యను రాసి ఉంచాలి. అట్టడుగు తరగతిలో కనీసం ఒక పెట్టెను స్త్రీలకు ప్రత్యేకించాలి; బండి యాభై మైళ్లకు మించి వెళ్లేదైతే ఆ పెట్టెకు మరుగుదొడ్డి ఉండాలి. అదే తరగతిలోని పురుషుల పెట్టెలకు ఈ నిబంధన వర్తించలేదు.

3. అసౌకర్యం ఎవరి కోసం?

మూడో తరగతి దుస్థితికి ఖర్చే కారణమన్న వాదనను ఫ్రెంచి ఇంజినీరు జూల్ డ్యూపుయ్ 1849లోనే తోసిపుచ్చాడు. ఆనాడు ఫ్రాన్సులో కొన్ని మూడో తరగతి పెట్టెలకు పైకప్పు లేదు. కప్పు వేయడానికి అయ్యే సొమ్ము స్వల్పం. రెండో తరగతి చార్జీ ఇవ్వగలిగినవారు మూడో తరగతిలోకి దిగిపోకుండా చూడటమే కంపెనీల ఉద్దేశమని, దెబ్బ పేదవానికి తగిలినా గురి అతడు కాదని డ్యూపుయ్ వివరించాడు.

గాంధీ 1917లో భారతీయ రైళ్ల మూడో తరగతిపై రాసిన వ్యాసంలో బొంబాయి–మద్రాసు ప్రయాణాన్ని ఉదాహరించాడు. మొదటి తరగతి చార్జీ మూడో తరగతికి ఐదు రెట్లకు పైగా ఉందని, సౌకర్యంలో మాత్రం ఐదో వంతు కాదు, పదో వంతు కూడా దక్కడం లేదని లెక్క తేల్చాడు. డ్యూపుయ్ కారణాన్ని చెబితే గాంధీ ఫలితాన్ని చూపించాడు.

4. పేర్ల మార్పు, కొత్త గీత

స్వాతంత్ర్యానంతరం 1955లో పాత మొదటి తరగతి రద్దయింది. రెండో తరగతి మొదటిదిగా, ఇంటరు రెండోదిగా పేర్లు మార్చుకున్నాయి. ఫ్రాన్సుతో సహా పశ్చిమ యూరప్ దేశాలు 1956లో మూడో తరగతిని ఎత్తివేశాయి. భారతదేశంలో 1974లో అది రెండో తరగతి అయింది. రైల్వే మంత్రిగా మధు దండవతే (1977–79) రెండో తరగతి స్లీపరు చెక్కబల్లలకు మెత్తలు వేయించే పని ప్రారంభించాడు.

ఈ సంస్కరణల ఫలితం అందరికీ సమానంగా చేరలేదు. రెండో తరగతి తనలో తానే రెండుగా చీలింది: ఒకటి రిజర్వేషన్ ఉన్న స్లీపరు, మరొకటి రిజర్వేషన్ లేని జనరల్. ఫ్రాన్సు టిజివి రైళ్లలో రిజర్వేషన్ తప్పనిసరి కనుక, ఏ తరగతి కొన్నా సీటు ఖాయం; అక్కడ ఎంపిక చోటుకూ ప్రశాంతతకూ సంబంధించినది. పలాసలో టికెట్టు కొనేవారి ఎంపిక ముందుగా తేదీ తెలియడంపై ఆధారపడుతుంది.

5. ఉద్దానం ప్రయాణికులు

గంజాం తీరం నుంచి కూలీలు ఒకప్పుడు గోపాలపురం వంటి రేవుల మీదుగా రంగూనుకు వెళ్లేవారు. తర్వాతి తరాల వలస రైలు మీదుగా సాగింది. శ్రీకాకుళం తీరపు మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ వరకు పనికి వెళుతున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను కూల్చింది. తోట పోయినవాడు నెలల ముందు తేదీ చూసుకొని బయలుదేరడు. మూత్రపిండాల వ్యాధి ముదిరి విశాఖపట్నం వెళ్లవలసిన రోగి పరిస్థితీ అంతే. ఇటువంటివారికి జనరల్ పెట్టె చౌకైనదే కాదు, అప్పటికప్పుడు దొరికే ఏకైక తరగతి.

ఆ టికెట్టుపై బయలుదేరే స్టేషను, చేరే స్టేషను, చార్జీ, మనుషుల సంఖ్య ఉంటాయి. పేరు ఉండదు.

6. 2023: పేరు విలువ

2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగా బజార్ వద్ద జరిగిన ప్రమాదంలో 290 మందికి పైగా మరణించారు. ప్రమాదానికి గురైన కోరమండల్ ఎక్స్‌ప్రెస్, బెంగళూరు–హౌరా ఎక్స్‌ప్రెస్ రెండూ పలాస మీదుగా సాగే బండ్లే. జనరల్ పెట్టెలలోని వారికి జాబితా లేదు. డీఎన్ఏ పరీక్షల తర్వాత కూడా ఎవరూ తీసుకోని 28 మృతదేహాలకు అక్టోబరులో భువనేశ్వర్‌లో దహనసంస్కారం జరిగింది. ఆ నెల 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి వద్ద విశాఖపట్నం–పలాస పాసింజరును వెనుకనుంచి మరో పాసింజరు ఢీకొని ప్రాణనష్టం సంభవించింది.

టికెట్టు దొరకనంత మాత్రాన మృతుడు ప్రయాణికుడు కాదనలేమని సుప్రీంకోర్టు రీనాదేవి కేసులో 2018లో తీర్పు చెప్పింది. అయినా తొలి రుజువు భారం కుటుంబానిదే. ప్రమాణపత్రంతో అది మొదలవుతుంది. చార్టులో పేరున్నవారి కుటుంబానికి ఈ మెట్టు సులువు.

7. ముగింపు

1890 చట్టం మూడో తరగతి ప్రయాణికుణ్ణి పెట్టె గోడపై రాసిన సంఖ్యలో భాగంగా చూసింది. నేటి జనరల్ టికెట్టూ అతణ్ణి సంఖ్యగానే నమోదు చేస్తోంది. మధ్యలో తరగతుల పేర్లు రెండుసార్లు మారాయి, బల్లలకు మెత్తలు వచ్చాయి. కింది తరగతివానికి పేరు మాత్రం రాలేదు. తరగతుల చరిత్రను చార్జీలు, సౌకర్యాల పట్టికగా మాత్రమే రాస్తే ఈ లోటు కనిపించదు. ఉద్దానం వంటి వలస ప్రాంతం నుంచి చూసినప్పుడు అదే ఆ చరిత్రకు కేంద్రమవుతుంది.