స్థాపక పితరులలో మాకు ఇష్టులెవరు? ఉత్తర తెలంగాణ సంఘం నుండి ఒక పరిశీలన

మేము వేదాంత విద్య అభ్యసిస్తున్న రోజుల్లో అమెరికా నుండి వచ్చిన ఒక అతిథి ఉపన్యాసకులు తరగతిలో ఒక ప్రశ్న వేశారు. తమ దేశ స్థాపక పితరులలో మీకెవరు ఇష్టమని. మాకు వాషింగ్టన్ పేరు తప్ప ఇంకొకటి నోటికి రాలేదు. ఆయన నవ్వి, సరే, మీ దేశ స్థాపకులలో ఎవరని అడిగారు. గాంధీ అని కొందరు, అంబేడ్కర్ అని ఎక్కువమంది అన్నారు. ఎందుకని ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో పాతికేళ్ళకు పైగా పరిచర్య చేసిన తరువాత ఆ 'ఎందుకు' గూర్చి కొంత ఆలోచించగలుగుతున్నాము.

ముందు ఆయన ప్రశ్నకే జవాబు చెప్పాలి. సువార్తికులకు సహజంగా థామస్ జెఫర్సన్, జేమ్స్ మాడిసన్ నచ్చుతారు. వర్జీనియాలో లైసెన్సు లేకుండా ప్రసంగించినందుకు బాప్తిస్టు బోధకులను చెరసాలలో వేస్తున్న కాలంలో మాడిసన్ వారి పక్షాన నిలిచారు. జెఫర్సన్ 1777లో రాసిన మతస్వేచ్ఛ చట్టం 1786లో ఆమోదం పొందింది. అయితే అదే జెఫర్సన్ తన జీవితకాలంలో ఆరువందల మందికి పైగా బానిసలకు యజమాని. మాడిసన్ కూడా బానిసల యజమానే. ఒకప్పుడు బానిసలను ఉంచుకొన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ మాత్రం 1790లో, చనిపోవడానికి రెండు నెలల ముందు, బానిసత్వం తొలగించమని కోరే విన్నపం మీద సంతకం చేసి కాంగ్రెసుకు పంపారు. విశ్వాస విషయంలో ఆయన మనకు చాలా దూరం. అయినా ముగ్గురిలో మాకు ఆయనే నచ్చుతారు. ఒక స్థాపకుడు రాసిన గొప్ప మాట చదివేటప్పుడు, ఆ మాటకు వెల ఎవరు చెల్లించారని కూడా అడగాలనేదే మా కొలబద్ద.

అదే కొలబద్దతో మన రాజ్యాంగ సభ దగ్గరికి రావాలి. ఇక్కడ మన ప్రాంతానికి ఒక విచిత్రమైన స్థితి ఉంది. 1946 డిసెంబర్ 9న మొదలైన ఆ సభలో కరీంనగర్ నుండి గాని, ఆదిలాబాద్ నుండి గాని ఒక్కరూ కూర్చోలేదు. హైదరాబాదు సంస్థానానికి కేటాయించిన 16 స్థానాలు చివరివరకు ఖాళీగానే ఉన్నాయి. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగింది. 1949 నవంబర్ 23న నిజాం ఒక ప్రకటన ద్వారా రాజ్యాంగాన్ని అంగీకరించారు. గస్తీ నిషాన్ 53 కింద అనుమతి లేకుండా నలుగురు కూడి సభ పెట్టుకోలేని ప్రజలకు, తమ మాట ఒక్కటీ లేని గ్రంథం ద్వారా స్వేచ్ఛ లభించింది. కాబట్టి మనకు ఇష్టులైన పితరుని ఇతరుల ఇంట వెతుక్కోవలసిందే. (పితరులు అంటున్నాము గాని ఆ సభలో పదిహేనుమంది స్త్రీలున్నారు. వారిలో రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి గారు, తిరువాన్కూరు క్రైస్తవురాలు అనీ మస్కరీన్ గారు ఉన్నారు.)

మన కాపరులలో చాలామంది 25వ అధికరణం దగ్గర ఆగుతారు. మతాన్ని అవలంబించుటకు, ఆచరించుటకు, ప్రచారం చేయుటకు హక్కు. ఈ 'ప్రచారం' అనే మాట మీద 1948 డిసెంబర్ 6న పెద్ద చర్చ జరిగింది. లోకనాథ్ మిశ్రా గారు దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. దాన్ని నిలబెట్టినవారిలో హిందువులే ముఖ్యులని మన విద్యార్థులకు చెప్తే ఆశ్చర్యపోతారు. టి.టి. కృష్ణమాచారి గారు తాము దాదాపు పద్నాలుగేళ్ళు క్రైస్తవ విద్యాసంస్థల్లో చదివామని, తమ మతం మార్చే ప్రయత్నం ఎవరూ చేయలేదని సాక్ష్యం చెప్పారు. ఆ మాట క్రైస్తవులతో కుదిరిన ఒప్పందంలో భాగమని, దాన్ని తీసివేయరాదని కె.ఎం. మున్షీ గారు అన్నారు.

ఒప్పందం అన్నప్పుడు ఇచ్చిపుచ్చుకోవడం ఉంటుంది. మనవైపు నుండి ఇచ్చినది ఏమిటి? ఇక్కడ హరేంద్ర కుమార్ ముఖర్జీ గారిని గూర్చి చెప్పాలి. బెంగాలీ క్రైస్తవులు, కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆంగ్ల ఆచార్యులు, రాజ్యాంగ సభకు ఉపాధ్యక్షులు, మైనారిటీల ఉపసంఘానికి అధ్యక్షులు. సొంత ఆదాయాన్ని విద్యాదానానికి ధారపోసిన నిరాడంబరుడు. 1947 ఆగస్టు నివేదికలో క్రైస్తవులకు కూడా చట్టసభలలో రిజర్వుడు స్థానాలు ప్రతిపాదించారు. 1949 మే నెలలో సలహా సంఘం మతపరమైన మైనారిటీల రిజర్వేషన్లను వద్దనుకొన్నప్పుడు ఆ దిశగా ముందుకు నడిపినది ముఖర్జీ గారే. మద్రాసు లయోలా కళాశాలకు చెందిన జెరోం డిసౌజా గారూ సభలో సమర్థించారు. దేశం మీద నమ్మకంతో చేసిన త్యాగమని చరిత్రకారులు మెచ్చుకొంటారు. మేమూ కాదనము.

అయితే త్యాగం చేసినవారు కలకత్తా, మద్రాసు నగరాలలో చదువుకొన్న పెద్దలు. 1880లలో వెస్లియన్ మిషన్ వచ్చిన నాటి నుండి మన కరీంనగర్ పల్లెల్లో సంఘం కట్టబడినది మాలవాడలో, మాదిగవాడలో. క్రైస్తవులంటే ఒకే సమాజం, వారికి ప్రత్యేకంగా ఏమీ అక్కరలేదు అనే ఊహ అక్కడ స్థిరపడింది. 1950 ఆగస్టు 10న వచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడవ పేరా హిందువులను మాత్రమే గుర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు బయటనే ఉన్నారు. ఆ ఉత్తర్వు ముఖర్జీ గారు రాసినది కాదు, నింద ఆయన మీద మోపడం న్యాయం కాదు. కానీ ఆ గదిలో మాదిగవాడ క్రైస్తవుడు ఒక్కడున్నా ఆ త్యాగం అంత సులువుగా సాగేదా అని అడగక తప్పదు.

దీని ఫలితం ప్రతి కాపరికి తెలుసు. సంఘం రిజిస్టరులో దావీదు, బడి రిజిస్టరులో ఇంకో పేరు. బీసీ-సీ సర్టిఫికెట్ తీసుకొంటే ఒక్క శాతం కోటా, సర్పంచ్ ఎస్సీ స్థానానికి నిలబడే వీలు లేదు. ఒకసారి ఒక తండ్రి మా దగ్గరికి వచ్చి, పిల్లవాని బాప్తిస్మం పుస్తకంలో ఎక్కించవద్దయ్యా, బాప్తిస్మం మాత్రం ఇవ్వండి అని అడిగాడు. ఇచ్చాము. పుస్తకంలో ఎక్కించాము కూడా. ఆ తరువాత ఆ కుటుంబం మా సంఘానికి రాలేదు. మేము చేసినది సరియేనా అన్నది ఈ రోజుకీ మాకు తేలలేదు.

అంబేడ్కర్ గారిని ఇష్టపడడానికి మా విశ్వాసులకు ఎవరూ కారణాలు చెప్పనక్కరలేదు. ఊరి కూడలిలో విగ్రహమున్నది. ఆయనను గూర్చి మా కలానికి చెప్పవలసినది తక్కువ, చెప్పగలవారు ఎక్కువ. మేము వేరొకరిని ఎన్నుకోవడం ఆయన స్థానం తగ్గించడానికి కాదు.

మా ఎన్నిక జైపాల్ సింగ్ ముండా గారు. 1903లో రాంచీ దగ్గర టక్రా గ్రామంలో పుట్టారు, ఆంగ్లికన్ మిషన్ వారి సెయింట్ పాల్ పాఠశాలలో చదివారు, మిషనరీ సాయంతో ఆక్స్‌ఫర్డ్ వెళ్ళారు. 1928 ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు నాయకులు. 1946 డిసెంబర్ 19న ఆయన రాజ్యాంగ సభలో లేచి, తనను జంగ్లీ అని పిలుస్తారనీ, ఆ పేరుకు గర్విస్తాననీ చెప్పారు. ఆదివాసులకు ప్రజాస్వామ్యం నేర్పనక్కరలేదు, వారి దగ్గరే నేర్చుకోవాలన్నారు. ఆ మాటలు పలికేనాటికి మన ఆదిలాబాద్ జోడేఘాట్‌లో కొమురం భీము కాల్పులలో మరణించి ఆరేళ్ళయింది. నిజాం ప్రభుత్వం పంపిన హైమెండార్ఫ్ గారు మార్లవాయిలో గోండులకు బడి ఏర్పాటు చేసి మూడేళ్ళయింది. ఆదిలాబాద్ గోండుల కుర్చీ ఢిల్లీలో ఖాళీగా ఉన్నది. ఆ ఖాళీ కుర్చీ కోసం మాట్లాడినది రాంచీ ముండా. 1950లో హైదరాబాదు రాష్ట్రంలోని షెడ్యూల్డు ప్రాంతాలను రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకటించినప్పుడు మన అడవి గ్రామాలు కూడా ఐదవ షెడ్యూలు నీడకు వచ్చాయి.

ఆయన సభలో క్రైస్తవునిగా మాట్లాడలేదు. తన మతం కోసం ఏమీ అడగలేదు, తన మతం పేరిట ఏదీ వదులుకోలేదు. తన జనం కోసం అడిగారు. 'ఆదివాసి' అనే మాట ఉంచమన్నారు. దానికి చట్టపరమైన నిర్దిష్ట అర్థం లేదని అంబేడ్కర్ గారు ఒప్పుకోలేదు. షెడ్యూల్డు తెగలు అనే మాటే నిలిచింది.

సోదర కాపరులు మా ఎన్నికను తప్పుపట్టగలరు. 1948 నవంబర్‌లో మద్యనిషేధం చర్చకు వచ్చినప్పుడు, బియ్యపు కల్లు తమ వారి పూజలలో, పొలం పనులలో భాగమని ఈ మిషన్ పాఠశాల విద్యార్థి వాదించారు. ఉట్నూరు వైపు ఇప్పసారా వలన చెడిన కుటుంబాలను చూసిన మాకు ఆ ప్రసంగం మింగుడు పడదు. 1963లో తన జార్ఖండ్ పార్టీని కాంగ్రెసులో కలిపివేయడాన్ని ఆయన సొంత జనమే క్షమించలేదు. ఇవన్నీ తెలిసే ఎన్నుకొన్నాము.

మా యౌవనస్థుల శిక్షణ తరగతిలో ప్రతి సంవత్సరం రాజ్యాంగ సభ చర్చల నుండి ఒక ప్రసంగం చదివిస్తాము. చాలాకాలం 1948 డిసెంబర్ 6 నాటి 'ప్రచారం' చర్చనే చదివించాము. 1946 డిసెంబర్ 19 నాటి ప్రసంగాన్ని చేర్చి ఆరేళ్ళే అయింది.