చిక్కబళ్ళాపుర సీమలో ఒకటవ తరగతి చదువు

బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురము తాలూకాలు 2007 వరకు కోలారు జిల్లాలోనివి. ఆ యేట ఏర్పడిన చిక్కబళ్ళాపుర జిల్లాలో చేరినవి. రాజ్యభాష కన్నడమైనను ఇచ్చటి పెక్కు గ్రామములలో ఇంటిభాష తెలుగు. ఆ యిండ్ల శిశువు ఒకటవ తరగతిలో నేర్చునదేమి? అక్షరములును అంకెలును అని చెప్పుట సులభమే గాని, అంతటితో విషయము తీరదు.

ఈ సీమకు ఉత్తరముననున్న హిందూపురము, పెనుగొండ ప్రాంతములు 1882లో అనంతపురము జిల్లా ఏర్పడువరకు బళ్ళారి జిల్లాలో నుండెను. మన్రో గవర్నరు 1822లో ఆదేశించిన విచారణకు సమాధానముగా బళ్ళారి కలెక్టరు క్యాంబెలు 1823లో పంపిన నివేదికలో నాటి వీథిబడి కన్నులకు గట్టినట్లున్నది. జిల్లాలోని 533 బడులలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. బాలుడు ఐదవ యేట బడిలో చేరి ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దును. పిదప గుణింతములు, మనుష్యుల పేర్లు, ఊళ్ళ పేర్లు, జంతువుల పేర్లు వ్రాయును. ఉదయమున అందరికంటె ముందు వచ్చినవాని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురు; రెండవవానికి సున్న; మూడవవానికి ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆపై వచ్చువారికి ఒక్కొక్కటి యెక్కువ. కూడికల పాఠము గడపలోనే ఆరంభమైనదన్నమాట! అయితే పిల్లలు పద్యములు చిలుకవలె వల్లింతురే గాని అర్థ మెరుగరనియు, గ్రంథముల భాష వేరు, వాడుక భాష వేరగుటయే కారణమనియు క్యాంబెలు వ్రాసెను. ఈ లోపము ఆ రెండు భాషల బడులకును సమానము.

సరిహద్దుకు దక్షిణమున, మైసూరు రాజ్యములో, 1868 నాటి హోబళి పాఠశాలల పథకముతో సర్కారు బడి పల్లెలకు నడచివచ్చినది. కాలక్రమమున కన్నడ వాచకమే ఈ సీమ శిశువునకు తొలి పుస్తకమైనది.

లిపి వలన కష్టము స్వల్పము. సుమారు 13వ శతాబ్ది వరకు తెలుగు కన్నడములకు లిపి ఇంచుమించు ఒక్కటే. నేటికిని అ, ఆ, గ, బ, ల మొదలగువానిలో భేదము కొద్దిపాటిదే. చిక్కు బొమ్మలో నున్నది. 'ఆ' ప్రక్కన ఏనుగు బొమ్మ యుండును, కన్నడమున అది 'ఆనె' గనుక. తెలుగు శిశువు బొమ్మ చూచి "ఏనుగు" అనును. ఆ లెక్కన అక్షరము 'ఏ' కావలెను! 'ఇ' కడ 'ఇలి'ని చూచి "ఎలుక" అనును. 'ఎ' కడ 'ఎలె'ను చూచి "ఆకు" అనును. చెప్పిన పేరు తప్పు కాదు, కాని బడిలో అది తప్పే. బొమ్మ అక్షరమునకు సాయపడుటకు మారుగా అడ్డుపడుచున్నది. ఉపాధ్యాయుడు తెలుగెరిగినవాడైనచో నవ్వి దిద్దును. కానిచో శిశువు నోరు మూసికొనును. ఆ మౌనమును మందబుద్ధియని యెంచుట అన్యాయము.

1949 నాటి విద్యామంత్రుల సమావేశము తరగతికి 10 మంది, లేదా బడికి 40 మంది పిల్లలున్నచో మాతృభాషలో బోధింపవలెనని నిర్ణయించెను. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము ఈ రక్షణకు బలము చేకూర్చినది. కాని చిన్న పల్లెలో ఒకటవ తరగతి పిల్లలందరు కలిసినను పదిమంది కాకపోవుట కలదు.

చింతామణికి తూర్పున, సరిహద్దు కావల, మదనపల్లె చెంతనున్న ఋషివ్యాలీవారు పల్లెబడుల తెలుగు పిల్లలకై చీటీలతో, మెట్లు మెట్లుగా నేర్పు పద్ధతి నొకదానిని రూపొందించిరి. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె ఉపాధ్యాయులు అచ్చటికేగి చూచివచ్చి, దానిని కన్నడమున 'నలి-కలి'గా మలచిరి. 2009-10లో అది రాష్ట్రమందలి కన్నడ సర్కారు బడులన్నింటికి విస్తరించినది. తెలుగు పిల్లలకై పుట్టిన పద్ధతి మైసూరు చుట్టి, కన్నడ చీటీలతో బాగేపల్లి తెలుగు పిల్లలను చేరినది.

చింతామణి తాలూకా కైవారమున వెలసిన నారాయణప్ప తెలుగు కన్నడములు రెండింటను రచించెను. ఆయన తెలుగు కీర్తనలను కన్నడ లిపిలో చదివి పాడువారు ఈ సీమలో నేటికిని కలరు. ఒకటవ తరగతిలో కన్నడాక్షరములు దిద్దిన బాలిక ఇంట అవ్వ పాడు కీర్తనను ఆ అక్షరములతోనే కూడబలుకుకొని చదువును. అప్పుడు మాత్రము ప్రతి పదమునకు అర్థము ఆమెకు ముందే తెలిసియుండును.