రుణ గుర్తు ముందా, ఘాతం ముందా: ఎక్సెల్ గణితంపై ఒక పరిశీలన

ఎక్సెల్ సెల్‌లో =5-2^2 అని కొడితే 1 వస్తుంది. అదే లెక్కను అటూ ఇటూ మార్చి =-2^2+5 అని కొడితే 9 వస్తుంది. కూడికలో పదాల వరుస మారినా మొత్తం మారదని చిన్న తరగతుల్లోనే నేర్చుకున్నాం, ఇక్కడ మారింది. దీన్ని లోపమని తోసెయ్యలేం. రుణ గుర్తు మొదట, ఘాతం తరువాత, గుణకార భాగహారాలు, ఆపైన కూడికలు తీసివేతలు అని మైక్రోసాఫ్ట్ తన సహాయ పత్రాల్లో చెప్పే ఉంచింది.

చిక్కంతా ఒకే గీత రెండు పనులు చెయ్యడంలో ఉంది. రెండు సంఖ్యల నడుమ ఉంటే అది తీసివేత. ఎడమ పక్క ఏమీ లేకపోతే రుణ గుర్తు. ఎక్సెల్ మొదటిదాన్ని ఘాతానికి దిగువన, రెండోదాన్ని ఎగువన కూర్చోబెట్టింది. కాబట్టి -2^2 దాని లెక్కలో (-2)^2, అంటే 4. గణితంలో వర్గం చేశాకే గుర్తు పెడతాం: -4. ఇది ప్రకృతి నియమమేమీ కాదు, రాతలో కుదిరిన ఒప్పందం. అయితే ఊరికే కుదరలేదు. బహుపదిలో పదాలను ఏ వరుసలో రాసినా విలువ నిలవాలంటే, రెండు రకాల మైనస్‌లూ ఘాతం తరువాతే రావాలి.

సామాన్య విభాజనపు గంట వక్రాన్నే తీసుకుందాం. విలువను వర్గం చేసి, సగం చేసి, ముందు మైనస్ పెట్టి, దాన్ని 'ఇ'కి ఘాతంగా వెయ్యాలి. విలువ 3 అయితే రావలసింది 0.0111, కుండలీకరణం లేకుండా రాస్తే ఎక్సెల్ ఇచ్చేది 90.017. ఇంత తేడా ఎవరి కంటికైనా ఆనుతుంది. అసలు భయం 0.1 దగ్గర: 0.9950కి బదులు 1.0050 వస్తే ఎవరు అనుమానిస్తారు?

ఇంకా వింత, అదే ఫైలులో మాక్రోలు రాసే వీబీఏ భాషలో -2^2 అంటే -4. ఈ రెంటికీ వేరే చోట్ల కూడా పొసగదు. 2.5ను సవరిస్తే షీటులోని రౌండ్ 3 అంటుంది, వీబీఏ రౌండ్ సరిసంఖ్య వైపు మొగ్గి 2 అంటుంది. -7ను 3తో భాగిస్తే శేషం షీటులో 2, వీబీఏలో -1. 3×(-3)+2 అన్నా, 3×(-2)-1 అన్నా -7కే చేరుతాం కనుక శేషం విషయంలో ఎవరినీ తప్పుపట్టలేం. ఒకే ఫైలులో ఇద్దరు లెక్కగాళ్లను పెట్టడమే నాకు మింగుడుపడదు.

ఫోర్‌ట్రాన్, పైథాన్ గణితం దారినే పోయి -4 ఇస్తాయి. జావాస్క్రిప్ట్‌లో ఘాత గుర్తు చేరింది 2016 ప్రమాణంతో. అక్కడ -2**2 అని రాస్తే 4 రాదు, -4 రాదు. వాక్యనిర్మాణ దోషమని చూపిస్తుంది. (-2)**2 అనో -(2**2) అనో తేల్చి రాసేదాకా ప్రోగ్రామ్ కదలదు.