క్రీడాపుటలో స్త్రీ: అమెరికా కళాశాలల అనుభవం

స్త్రీల ఆటలకు ప్రేక్షకులు లేరు, అందుకే పత్రికలూ టెలివిజనూ వాటిని పట్టించుకోవు అన్న వాదన యాభై ఏళ్లుగా వినిపిస్తూనే ఉంది. పైకి ఇది ఉన్న వాస్తవాన్ని చెప్పినట్టే ఉంటుంది. అయితే ప్రేక్షకులు తమంతట తాము పుట్టుకురారు. ఏది చూపాలో నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉందో వారే ప్రేక్షకులను తయారు చేస్తారు. అమెరికా కళాశాలల చరిత్ర దీనికి చక్కని ఉదాహరణ.

1972 జూన్ 23న అక్కడ విద్యాచట్టంలో ‘టైటిల్ నైన్’ అనే భాగం అమలులోకి వచ్చింది. ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థలలో లింగవివక్షను నిషేధించిన ఆ వాక్యంలో ఆటల ప్రస్తావనే లేదు. అయినా క్రీడారంగ పెద్దలు ప్రమాదాన్ని వెంటనే పసిగట్టారు. ఆదాయం తెచ్చే క్రీడలను మినహాయించాలని 1974లో సెనేటర్ జాన్ టవర్ సవరణ తెచ్చాడు. సవరణ వీగిపోయింది గాని ‘ఆదాయం’ అన్న సాకు మిగిలిపోయింది.

చట్టం ఉన్నంత మాత్రాన హక్కు చేతికి రాలేదు. యేల్ విశ్వవిద్యాలయంలో పడవపందేల యువతులకు స్నానపు గదులు లేవు. పురుషులు స్నానం చేసి వచ్చేదాకా వారు తడిబట్టలతో, చలిలో బస్సులో కూర్చోవలసి వచ్చేది. 1976 మార్చి 3న క్రిస్ ఎర్నస్ట్ నాయకత్వంలో 19 మంది యువతులు అధికారి గదిలోకి వెళ్లి, దుస్తులు తీసి, దేహాలపై రాసుకున్న ‘టైటిల్ నైన్’ అక్షరాలను చూపారు. ఈ వార్త న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చాకే యాజమాన్యంలో కదలిక వచ్చింది. వారి ఆటకు దక్కని అక్షరాలు వారి నగ్నత్వానికి దక్కాయన్నది గమనార్హం.

ఆనాడు స్త్రీల కళాశాల క్రీడలను స్త్రీలే నడిపే ఏ.ఐ.ఏ.డబ్ల్యు. అనే సంఘం నిర్వహించేది. పురుషుల సంఘమైన ఎన్.సి.ఎ.ఎ. చాలాకాలం టైటిల్ నైన్‌ను ఎదిరించింది. తీరా స్త్రీల క్రీడలు ఎదిగాక 1981-82లో తానే స్త్రీల పోటీలు మొదలుపెట్టింది. డబ్బూ టెలివిజనూ దాని పక్షాన నిలిచాయి. ఏ.ఐ.ఏ.డబ్ల్యు. 1982లో మూతపడింది, కోర్టులోనూ ఓడిపోయింది. 1972లో స్త్రీల జట్ల శిక్షకులలో 90 శాతానికి పైగా స్త్రీలే ఉండగా, 2014 నాటికి వారు సుమారు 43 శాతమే. ఆడేవారి సంఖ్య పెరిగింది, ఆటపై అజమాయిషీ చేయి మారింది.

ఈ మార్పు ప్రభావం తెరమీద కనిపిస్తుంది. లాస్ ఏంజిలస్ టెలివిజన్ వార్తలను పరిశోధకులు కొలిచినప్పుడు, క్రీడలకిచ్చిన సమయంలో స్త్రీలకు 1989లో దక్కినది 5 శాతం, 2014లో 3.2 శాతం. ఆడేవారు పెరిగిన కాలంలోనే చూపడం తగ్గింది. 2021 వరకూ ‘మార్చ్ మ్యాడ్‌నెస్’ అన్న పేరును ఎన్.సి.ఎ.ఎ. పురుషుల బాస్కెట్‌బాల్‌కే వాడింది. స్త్రీల బాస్కెట్‌బాల్ ప్రసారహక్కులను ఎన్నో ఇతర పోటీలతో కలిపి ఒకే మూటగా అమ్మింది. విలువ కట్టకుండా అమ్మి, ఆనక విలువ లేదన్నారు.

2024లో స్త్రీల ఫైనల్‌ను 1 కోటి 80 లక్షలకు పైగా ప్రేక్షకులు చూశారు. పురుషుల ఫైనల్‌ను చూసినవారు 1 కోటి 48 లక్షలు. ఆ ఏడాది స్త్రీల ఆట ఇంటింటికీ అందే ఛానెల్‌లోనూ, పురుషుల ఆట కేబుల్‌లోనూ వచ్చింది కదా అని కొందరు తీసిపారేయవచ్చు. సరిగ్గా మన వాదన కూడా అదే: అందరికీ అందేలా చూపితే చూసేవారు ఉంటారు.

సాహిత్య విద్యార్థులకు ఈ చరిత్ర పరాయిది కాదు. ‘పాఠకులు కోరుతున్నదే వేస్తున్నాం’ అన్న మాట వ్యాపార పత్రికల నుంచి మనమూ విన్నదే. పాఠకుడి అభిరుచిని మలిచినవారే ఆ అభిరుచిని సాక్ష్యంగా నిలబెడతారు. కథనూ కవితనూ పరిశీలించే శ్రద్ధతోనే క్రీడాపుటనూ చదవడం, అక్కడ ఏది రాశారన్నదానితోపాటు ఎవరిని వదిలేశారని అడగడం విమర్శకుల బాధ్యత.